సునీతక్క పెండ్లి బొంత

పోయిన నెల సునీతక్క చౌటుప్పల్ నుంచి మా ఇంటికి వచ్చింది. ఒక చేతిలో స్వీటు డబ్బా, ఇంకో చేతిలో ఉబ్బిపోయిన ప్లాస్టిక్ సంచి. డబ్బా అమ్మకు, సంచి నాకు. తీసి చూస్తే ఆమె పెండ్లినాటి బొంత. "కుట్లన్నీ తెగిపోతున్నయే వాణీ. మా గల్లీల ఒకామె మిషన్ మీద మంచిగ కుట్టిస్తనన్నది. కాకపోతె పాత దారం మొత్తం తీసి తెమ్మన్నది. నువ్వెట్లాగు ఖాళీగనే ఉంటవు గదా, జర తీసిపెట్టు" అంది. నేను గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నానని మా చుట్టాలందరికీ తెలుసు. చదువుకోవడమంటే ఖాళీగా ఉండడమని కూడా వాళ్ళకు బాగా తెలుసు. నోటిఫికేషన్ వచ్చేలోపు బియ్యం ఏరడం, కరెంటు బిల్లు కట్టి రావడం, ఎవరి పిల్లల బడి చార్టు మీదో ఏనుగు బొమ్మ వేయడం నా సిలబస్‌లోకే వస్తాయి. ఆ రోజు నుంచి బొంత విప్పడం కూడా చేరింది.

అక్క వంటింట్లో అమ్మతో మాటల్లో పడింది. నేను బొంతను గచ్చు మీద పరిచి, బ్లేడు పట్టుకుని కూర్చున్నాను కానీ మొదటి కుట్టు దగ్గరే చెయ్యి ఆగిపోయింది. మిరపపండు రంగు దారం, వరసకు వరస, ఆ చివర నుంచి ఈ చివరకు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, అక్కకు తెలియదు. చెప్పనని ఒకరికి మాటిచ్చాను. మాటివ్వడమంటే నా విషయంలో తల ఊపడం. నాకు వాణి అని పేరు పెట్టడం మా ఇంటి పెద్దలు చేసిన మొదటి వేళాకోళం. ఇంటర్‌లోకి వచ్చేదాకా నేను మాట్లాడడం విన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చెప్పవలసినవన్నీ నోటుపుస్తకంలో రాసుకుని జొన్న బస్తాల వెనక దాచేదాన్ని. ఆ పుస్తకాల్లో నేను మహా గడుసుదాన్ని. అందులో నేను ఎదిరించని మనిషి మా వంశంలో లేరు.

సునీతక్క మా పెద్దనాయన బిడ్డ. కల్వకుర్తికి ఎడంగా ఉన్న మా ఊళ్ళో వాళ్ళ ఇల్లు, మా ఇల్లు ఒకే వాకిట్లో ఎదురెదురుగా ఉండేవి; మేము కల్వకుర్తికి మారింది ఈ మధ్యే. నేను ఐదో తరగతిలో ఉండగా పెద్దనాయన గుండె ఆగి చనిపోయాడు. యాదమ్మ పెద్దమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరి బిడ్డను డిగ్రీ దాకా చదివించింది. పొద్దున్నే ఆమె మా వాకిట్లోంచి నడిచి వెళ్తుంటే ఒక వాసన, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు ఇంకో వాసన. పొద్దున సున్నిపిండి, కొబ్బరినూనె. మధ్యాహ్నం కందిపప్పు, కట్టెల పొగ, పోపులో మాడిన వెల్లుల్లి. గంజి పెట్టిన పాత నూలుచీరలో కొంగు బిగించి నడిచే మనిషి. ఎక్కువ మాట్లాడేది కాదు. మా ఇద్దరికీ అందుకే పడేది. గంటసేపు పక్కపక్కన కూర్చుని చింతపండు గింజలు తీసినా ఒకరి వల్ల ఒకరికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

మా ఇంట్లో ఆడపిల్ల పెండ్లికి బొంత కుట్టి పంపడం మా అవ్వ కాలం నుంచీ ఉంది. కొత్త బట్ట పనికిరాదు. దగ్గరి ఆడవాళ్ళందరూ తాము కట్టి, ఉతికి, మెత్తబడిన చీర ఒక్కొక్కటి ఇవ్వాలి. పొరలు పొరలుగా పరిచి కుట్టాలి. అన్నిటికన్నా అడుగున, ఒంటికి తగిలే వైపు, తల్లి చీర ఉండాలి. అత్తగారింట్లో మొదటి చలికాలం పిల్లకు తల్లి చీర తగలాలని అవ్వ చెప్పేదట. తెలంగాణ వచ్చి రెండు మూడేళ్ళయి ఉంటుంది, సునీతక్క సంబంధం కుదిరింది. నేను ఇంటర్ చదువుతున్నాను. పెద్దమ్మ ఆ రోజే ట్రంకు పెట్టె తెరిచి, ఎండిన వేపాకులు దులిపి, ఒక నారాయణపేట నూలుచీర బయటికి తీసింది. మిరపపండు ఎరుపు, ఆవపిండి రంగు అంచు. అక్క పుట్టినప్పుడు పెద్దనాయన తెచ్చిన చీర. అక్కకు తొట్టె కట్టింది కూడా దాంతోనే. పెద్దనాయన పోయాక ఆమె దాన్ని కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఏటా ఒకసారి ఎండలో ఆరేసి, మళ్ళీ మడిచి పెట్టేది.

ఇంతలో రెండు బస్సులు మారి నార్కట్‌పల్లి నుంచి అండాలత్త దిగింది. మా బాపు వాళ్ళ ఒక్కగానొక్క చెల్లె. శుభకార్యం ఎక్కడ జరిగినా నెల రోజుల ముందే వచ్చి, ఎవరికీ ఏ పనీ రాదని అందరికీ తెలియజెప్పేది. ఆచారాల విషయంలో ఆమెకున్న పట్టు గొప్పది. మా అవ్వకు కూడా తెలియని మా ఇంటి ఆచారాలు ఆమెకు తెలుసు. టీవీలో పొద్దున పూట ఎవరో చెప్పేవి కొన్ని, బస్సులో పక్క సీటావిడ చెప్పినవి కొన్ని, మా ఊరు చేరేసరికి "మన దాంట్ల" ఉన్నవైపోయేవి. బొంతకు తన వంతుగా చిలకాకుపచ్చ రంగులో, వెండి చుక్కలతో తళతళలాడే చీర తెచ్చింది. ఎవరిదో గృహప్రవేశంలో పెట్టిన చీర. కట్టి మెత్తబడాలి కదా అని, వచ్చేటప్పుడు బస్సులో కట్టుకొచ్చిందట. "గిది పైకే రావాలె. నలుగురికి కనవడాలె" అని షరతు పెట్టి చాప మీద కూర్చుంది. అప్పుడు పెద్దమ్మ తన ఎర్రచీర తెచ్చి చీరల మీద పెట్టింది.

"గదేంది వదినె? నీ చీరెట్ల ఏస్తవ్?" అంది అత్త.

"ఎట్లేస్తనంటె? అడుగుకేస్త. తల్లి చీర అడుగుకే గదా."

"అన్న ఉంటె గట్లనే ఏద్దుము. పెనిమిటి పోయిన ఆడిమనిషి చీర పెండ్లి బొంతల ఏసుడు మంచిది కాదు. మన దాంట్ల లేదు."

"గిది నేనెన్నడు ఇనలేదు" అని మా అమ్మ మెల్లగా అంది. "నువ్వు ఇనకుంటె ఆచారం లేకుంట పోతదా?" అంది అత్త. అమ్మ బాపు వైపు చూసింది. "ఆడోళ్ళ ముచ్చట్ల నేనెందుకు" అని బాపు బోరు మోటరు చూడడానికి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో మాట పెరిగిన ప్రతిసారీ ఆ మోటరు చెడిపోయేది. ఇన్నిసార్లు చెడిపోయిన మోటరు జిల్లాలో ఇంకొకటి ఉండదు. పెద్దమ్మ కాసేపు చీర వైపు చూసి, దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. "సరే అండాలూ. మరి కుట్టుడో? కుట్టుడు గూడ వద్దా?" అని అడిగింది. అత్త నొచ్చుకుంది. "అయ్యో, గదేం మాట వదినె! కుట్టుడు నువ్వే కుట్టాలె. నీ అంత తిరిగిన చెయ్యి ఇంకెవరికున్నది?" అంది. అంటే పెద్దమ్మ చీర తగిలితే కాపురానికి చెడు, పెద్దమ్మ పన్నెండు రోజులు నడుం వంచి కుడితే కాపురానికి మంచిది. ఆచారం ఇంత వివరంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నేను లోపలికి వెళ్ళి నోటుపుస్తకంలో అత్తకు మూడు పేజీల సమాధానం రాశాను. చాలా బాగా వచ్చింది. బయటికొచ్చి ఆమెకు చాయ్ ఇచ్చాను.

ఒంటికి తగిలే వైపు మా అమ్మ చీర వేయాలని తేల్చారు. పొరలు పరిచి, మూలలకు రోకలి, ఇటుకలు బరువు పెట్టాక అత్త సంచిలోంచి తెల్లదారం ఉండలు తీసింది. పెద్దమ్మ వాటిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అండాలూ, తెల్లదా? పెండ్లి బొంతకు తెల్లది మంచిదేనా?"

అత్త నోరు ఒక్క క్షణం తెరుచుకునే ఉండిపోయింది. తనకు తెలియని ఆచారం ఇంకొకరికి తెలిసి ఉండడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. "అవ్ గదా! నేను గూడ దారి పొడుగున గదే అనుకుంటొచ్చిన. తెల్లది ఎట్ల మంచిదైతది?" అంది.

"ఎర్రదైతె?"

"ఎర్రదే! శుభం. మన దాంట్ల ఎర్రదే."

"నేను తెస్త తియ్" అంది పెద్దమ్మ. అలా మా ఇంట్లో ఒక పురాతన ఆచారం ఆ ఆదివారం పూట పదకొండు గంటలకు పుట్టింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్త మంచం మీద పడుకుని గురక మొదలుపెట్టింది. నేను నోటుపుస్తకం కోసం జొన్న బస్తాల గదిలోకి వెళ్ళాను. కిటికీ కింద పెద్దమ్మ కాళ్ళు చాపి కూర్చుని ఉంది. ఒళ్ళో ఎర్రచీర. ఒక కొస కత్తిరించి, పోగు పోగు పట్టి లాగుతోంది. పోగులు నాలుగు కలిపి కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను పిక్క మీద పెట్టి అరచేత్తో పేనుతోంది. పేనిన దారానికి మైనం ముద్ద రాసి ఉండ చుడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏం జూసినవ్?" అంది.

నేను ఏమీ చూడలేదన్నట్టు తల ఊపాను.

"మంచిది. జర గా కొస పట్టు."

పట్టుకున్నాను. ఆరు గజాల చీర పొడవునా ఒక్కో పోగు ఎక్కడా తెగకుండా వస్తుంటే, గదంతా పాత వేపాకు వాసన, కొత్త మైనం వాసన. చాలాసేపటికి ఆమె నా వైపు చూడకుండానే, "చీర ఏయొద్దన్నది గని దారం ఏయొద్దనలే" అంది. ఇంకాసేపటికి, "సునీతకు చెప్పకు. ఎవ్వలికి చెప్పకు" అంది. ఆ సాయంత్రం నేను నోటుపుస్తకంలో "ఈ రోజు విశేషం ఏమీ లేదు" అని రాశాను. అబద్ధం రాయడం అదే మొదలు. ఎవరి చేతికైనా చిక్కితే అని భయం.

పన్నెండు రోజులు పట్టింది. పెద్దమ్మ బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఇంత జొన్న రొట్టె తిని కుట్టడానికి కూర్చునేది. ఒక అంచు నుంచి అమ్మ, ఎదుటి అంచు నుంచి పెద్దమ్మ. నేను సూదుల్లో దారం ఎక్కించేదాన్ని. అత్త మంచం మీద నుంచి ఎక్కడెక్కడ కుట్టు వంకర పోయిందో చూపించేది. ఆమె ఇచ్చిన ఆకుపచ్చ చీర సూదికి లొంగేది కాదు. జారిపోయేది, ముడతలు పడేది. నూలు చీరలు నాలుగూ బుద్ధిగా పడి ఉంటే అదొక్కటే చుట్టం ముందు పిల్లలా మెలికలు తిరిగేది. ఎర్ర కుట్లు మాత్రం దాని మీద బాగా కనిపించేవి. వచ్చినవాళ్ళందరికీ అత్త వాటినే చూపించేది. "పెండ్లి బొంతకు ఎర్ర దారమే వాడాలె. ఇప్పటోళ్ళకు గివన్ని తెల్వయి" అని చెప్పేది. పెద్దమ్మ తల వంచుకుని కుట్టేది.

ఏడో రోజో ఎనిమిదో రోజో, అత్త మంచం దిగి వచ్చి దారం ఉండను చేతిలోకి తీసుకుంది. "మంచిగున్నది వదినె. మా బిడ్డ పెండ్లికి గూడ గిదే వాడ్త. రంగు దిగదు గదా?"

పెద్దమ్మ కుట్టు మీదే ధ్యాసగా ఉంది. "ఇరవై ఏండ్ల సంది దిగలే, ఇప్పుడేం దిగుతది?" అనేసింది.

అమ్మ సూది ఆగింది. అమ్మకు అప్పటికే తెలుసో, అప్పుడే తెలిసిందో నేను ఇప్పటివరకు అడగలేదు. "ఇరవై ఏండ్ల సందా?" అని అత్త ఉండను వెలుతురుకు పెట్టి చూసింది. "గిది కొత్త దారం గాదా?" పెద్దమ్మ తల ఎత్తింది. ఆమె ముఖంలో అలాంటి భయం నేను అంతకుముందు చూడలేదు. అప్పటికి బొంత సగానికి పైగా అయిపోయింది. విప్పమంటే ఆమె విప్పుతుంది. అందరితోటి ఉండాలె అనే మనిషి ఆమె. నా గొంతులోంచి ఏదో బయటికొచ్చింది. "గా దుకాణం ఇరవై ఏండ్ల సంది ఉన్నదత్తా. గాళ్ళ దారం రంగు దిగనే దిగదంట" అన్నాను.

అత్త ఉండను కింద పెట్టి, బుగ్గ మీద చెయ్యి వేసుకుని నన్ను చూసింది. "అమ్మో అమ్మో! గీ పిల్లకు నోరున్నదానే!" అంది. పక్కింటివాళ్ళను కేకేసి పిలిచింది. "ఏదీ, మల్లొక్కసారి మాట్లాడు బిడ్డా" అంది. తర్వాత ముప్పావుగంట నాకు నోరుంది కాబట్టి సంబంధాలు చూడొచ్చా, డిగ్రీ అయ్యేదాకా ఆగాలా అన్న చర్చ నడిచింది. దారం సంగతి అందరూ మరిచిపోయారు. పెద్దమ్మ మాత్రం నా చేతిలోని సూది తీసుకుంటూ, వేళ్ళు ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది. బొంత పూర్తయ్యాక మిగిలిన ఉండను అత్త శుభ్రమైన గుడ్డలో చుట్టి నార్కట్‌పల్లి తీసుకుపోయింది. తర్వాత తన బిడ్డ బొంతను కూడా ఆ దారంతోనే మొదలుపెట్టి కుట్టించిందని విన్నాను. వాళ్ళ కాపురం చల్లగానే ఉంది.

సునీతక్క హైదరాబాదులో ఉద్యోగం మానేసి పెండ్లికి వారం ముందు వచ్చింది. పెట్టె సర్దే రోజు బొంత తిరగేసి చూసి, "నీ చీర ఏదమ్మా?" అని అడిగింది. "ఏయలే బిడ్డా" అంది పెద్దమ్మ. అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎందుకేయలే?" అంటే, "ఏం జేస్తం, అందరితోటి ఉండాలె గదా" అంది. అక్క బొంతను మడిచి పెట్టెలో పెట్టింది, కొంచెం గట్టిగానే. ఆ తర్వాత ఎప్పుడు పెద్దమ్మ మాట వచ్చినా ఆమె అనే మాట ఒక్కటే: "మా అమ్మకు నోరెక్కడిది?" పండక్కి వచ్చినా తల్లి దగ్గర ఒక్క రోజుకు మించి ఉండేది కాదు. అన్నిసార్లూ నేను అక్కడే ఉన్నాను. అన్నిసార్లూ తల ఊపాను.

ఇప్పుడు చౌటుప్పల్‌లో అక్క ఇంట్లో ఏసీ ఉంది. పులి బొమ్మ ఉన్న బొచ్చు రగ్గులు రెండున్నాయి. పులి మీద కాళ్ళు పెట్టుకుని పడుకోవడం ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్న వైభవమే. ఇప్పుడెవరూ బొంతలు కుట్టించడం లేదు. కుట్టిద్దామన్నా మా వాళ్ళ బీరువాల్లో నూలుచీర దొరకదు. అన్నీ అత్త ఆకుపచ్చ చీర చెల్లెళ్ళే. వాటిలోంచి ఒక్క పోగు లాగితే చీరంతా కుచ్చులు పట్టి అక్కడే మొరాయిస్తుంది. ఆచారాలు మాత్రం పెరిగాయి. ఒకప్పుడు అండాలత్త రెండు బస్సులు మారి మోసుకొచ్చేది, ఇప్పుడు పొద్దున్నే ఫోనులో గులాబీ పువ్వు బొమ్మతో పాటు వస్తున్నాయి.

ఆ రోజు మా వంటింట్లోంచి అక్క చాయ్ గ్లాసుతో బయటికొచ్చింది. "ఇంక మొదలే పెట్టలేదా? ఉద్యోగమొస్తె గిట్లనే చేస్తవా?" అని నా చేతిలోంచి బ్లేడు లాక్కుని తనే మొదలుపెట్టింది. పట్ పట్ మని రెండు వరసలు తెంపి లాగేసింది. పక్కన ఎర్రటి చిన్న కుప్ప పడింది. తెంపుతూనే మాట్లాడుతోంది. "దీంట్ల అందరి చీరలున్నయ్, మా అమ్మది తప్ప. కుట్టెతందుకు మాత్రం మా అమ్మ గావలె. గా దినం ఒక్క మాటంటె ఏమైతుండె? ఒక్క మాట!"

"అక్కా, ఆగు" అన్నాను. ఆమె ఆగలేదు. చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు తెంపేదే పెద్దమ్మ చీర."

తర్వాత అంతా చెప్పాను. ట్రంకు పెట్టె, కిటికీ ఊచ, పిక్క మీద పేనిన నాలుగు పోగులు, తెల్లదారం, అత్త శుభం, నా అబద్ధం. అంతసేపు ఒక్కబిగిన నేను ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగాను. అక్క వింటున్నంతసేపూ కుట్ల మీద వేలు పెట్టి, ఒక వరస వెంట ఆ చివరిదాకా వెళ్ళి, పక్క వరసలోకి తిరిగి, మళ్ళీ ఈ చివరికి వచ్చింది. ఏ పొరనూ వదలని కుట్టు అది. అత్త చుక్కల చీరతో సహా అన్నిటినీ పట్టి ఉంచింది అదే. అక్క ఫోన్ తీసింది. ఒంటిపూట బడి రోజులు, వంట దింపే వేళ. ఊళ్ళో పెద్దమ్మ ఎత్తేసరికి గిన్నెల చప్పుడు, పిల్లల గోల.

"ఏందే గీ యాల్లకు జేసినవ్? పిల్లలు మంచిగున్నరా?"

"అమ్మా, బొంత దారం…" అని అక్క ఆగిపోయింది.

అవతల గరిటె చప్పుడు ఆగింది. "వాణి చెప్పిందా?"

"ఆ."

"ఇప్పటికొచ్చిందా దానికి నోరు" అంది పెద్దమ్మ.

"నాకెందుకు చెప్పలేదమ్మా? గిన్నేండ్లాయె. నేను నిన్ను ఎన్నెన్ని మాటలంటి…"

"చెప్తె కప్పుకుందువా? బీరువల పెట్టి తాళమేద్దువు."

అక్క తెగిన కుట్టొకటి వేలికి చుట్టుకుంది. "శానా తెగిందా?" అని పెద్దమ్మే అడిగింది.

"సగం తెగిందే."

"తెగదా మరి, దినాం కప్పుకుంటె." ఆమె గొంతులో దిగులు లేదు. కొంచెం గర్వం లాంటిది ఉంది. "పాత దారం తియ్యకు. దాని మీదనే కుట్టిచ్చుకో. పప్పు మాడుతాంది, పెడ్తున్న" అని పెట్టేసింది.

ఏప్రిల్ ఎండకు గోడలు కాలుతున్నాయి. అక్క తెంపిన దారాలన్నీ ఏరి కొంగున ముడి వేసుకుంది. తర్వాత గచ్చు మీదే పడుకుని, బొంతను మెడ దాకా లాక్కుని, గోడవైపు తిరిగింది. కాసేపటికి అటు నుంచే ఫ్యాను ఐదులో పెట్టమంది.